కఫీల్ గారి తూటాలు

ఆ రోజుల్లో నాకు వచ్చిన అరబ్బీ అంతా పోగుచేస్తే ఓ అగ్గిపెట్టెలో పట్టేది, ఇంకా నాలుగు పుల్లలకి చోటు మిగిలేది. యల్లా అంటే పద. ఖలాస్ అంటే అయిపోయింది. మాఫీ అంటే లేదు. ఇఖామా అంటే ఈ దేశంలో మనం ఉండొచ్చని ఇచ్చే కార్డు. ఇక విమానం ఎక్కకముందే, పాస్‌పోర్టు ఫోటో కోసం తల దువ్వుకునేటప్పుడే ప్రతివాడూ నేర్చేసుకునే మాట కఫీల్. అంటే మనల్ని రప్పించుకున్న యజమాని. (మా కోనసీమ నోళ్ళలో పడి అది ‘కపీలు’ అయింది. ‘మా కపీలు మంచోడేనండి’ అని మావాళ్ళు చెబుతుంటే ఏదో పెళ్ళిసంబంధం ఖాయమైనట్టు వినిపిస్తుంది.) ఆ ఒక్క మాట మీద నాకున్న భయభక్తుల వల్ల ఒక రివాల్వర్ ప్రాణం పోయింది, ఒక పెద్దింటావిడ చెయ్యి వాచిపోయింది, నా ఉద్యోగం అంచు దాకా వెళ్ళి ఆగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు మాత్రం నవ్వడానికి నా దగ్గర మొహం లేదు.

మా పిన్ని అప్పటికే చాలా ఏళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుండేది. ఆ ఇంటావిడని పిన్ని ‘మామా’ అనేది, పిన్నిని చూసి నేనూ అలాగే అనేవాణ్ణి. (ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళందరూ యజమానురాలిని అలాగే పిలుస్తారు. కొత్తలో పిన్ని ఊరికి ఫోన్ చేసి ‘మామా పట్టుచీర కట్టుకోమంది’ అంటే, ఏ మామ, ఆయన ‘అంది’ ఎప్పుడయ్యాడు అని మా అమ్మమ్మ కంగారుపడిపోయిందట.) ఆ మామా అన్నగారికి ఊరవతల ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. పిన్ని ఆవిడ వెంటపడి, బతిమాలి, చేపల పులుసులు పెట్టి, మొత్తానికి అక్కడ తుపాకుల గదిలో నాకు హెల్పరు పని ఇప్పించింది. మూడు నెలలు చూస్తారు. బాగుంటే ఇఖామా కొట్టిస్తారు, బాగోకపోతే విమానం ఎక్కిస్తారు. షూటింగ్ అనగానే నేను సినిమా షూటింగే అనుకున్నాను. మొదటిరోజు మొహానికి పౌడరు రాసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర ఢామ్మని వినపడేసరికి ఆ దువ్వెన ఎక్కడ పడిపోయిందో ఇప్పటికీ తెలీదు.

‘‘ఒరేయ్ నాన్నా, జాగర్తగా ఉండరా. నీ గురించి మామాకి మాటిచ్చింది నేను. నువ్వేదన్నా ఎదవపని సేత్తే నా మొహం ఎక్కడెట్టుకోను? నిన్ను పంపేత్తే పంపేత్తారు, రేపొద్దున్న ఆ వంటింట్లో నిలబడాల్సింది నేనేగదా!’’ అంది పిన్ని ఫోన్లో.

‘‘ఆయ్, నేనేం సేత్తాను పిన్నీ. తుపాకులు తుడవడవేగా’’ అన్నాను. అలా అన్నవాణ్ణి తుడుచుకుంటూ ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

తుపాకుల గదికి పెద్ద ఒక ఈజిప్టు ముసలాయన. అందరూ ఉస్తాద్ అనేవారు. ముందుపళ్ళు రెండు లేవు, ఆ సందులో ఎప్పుడూ ఆరిపోయిన సిగరెట్టు ఒకటి ఉండేది. (గదిలో తుపాకీమందు ఉంటుంది కాబట్టి వెలిగించకూడదు. అందుకని ఉత్తదే పెట్టుకుని పీలుస్తూ తృప్తిపడేవాడు.) కంటిచూపు కూడా అంతంతమాత్రమే. దగ్గరి వస్తువులు మసకగా కనిపించేవి గానీ ఆ సంగతి ఒప్పుకునేవాడు కాదు, చేత్తో తడిమి పని కానిచ్చేవాడు. ఆయన వెనక గదిలో రైఫిళ్ళు విప్పుకుంటూ కూర్చునేవాడు. నేను ముందు కిటికీ దగ్గర నిలబడి, వచ్చిన మెంబర్లకి తుపాకీ, తూటాల పెట్టె అందించి, పని అయ్యాక తీసుకుని తుడిచి తాళం వెయ్యాలి.

అక్కడి రివాల్వర్లన్నీ పెద్దవి, ఉక్కువి. వాటి మధ్య ఒక చిన్నది ఉండేది, అరచేతిలో ఇమిడిపోయేంత. దాన్ని జేబులో కనపడకుండా పెట్టుకు తిరగడానికని తయారుచేశారట. ఇక్కడేమో క్లబ్బు తుపాకీ క్లబ్బు గుమ్మం దాటకూడదు. పాపం, దాచుకోవడానికి పుట్టి, దాచుకునేవాడు లేక మా గదిలో కొక్కేనికి వేలాడుతూ ఉండేది. మొదటిసారి చేతిలోకి తీసుకోగానే దాని గుట్టు నాకు తెలిసిపోయింది. సత్తుగిన్నెలు తోమి పెరిగిన చెయ్యి నాది. దాని ఒళ్ళంతా అల్యూమినియం, గొట్టమూ తూటాలు తిరిగే చక్రమూ మాత్రం ఉక్కు. అప్పటికప్పుడే దానికి సత్తు పిస్తోలు అని పేరు పెట్టేశాను. (సత్తుకి ఎంత సత్తువ ఉంటుందో సొట్టలు పడ్డ మా గంజిగిన్నెని అడిగితే చెబుతుంది.) ఏ మెంబరు వచ్చినా ముందు దానిమీదే కన్ను పడేది. ముద్దుగా ఉంది, తేలిగ్గా ఉంది, ఇదే ఇవ్వమనేవారు.

తేలిక తుపాకీతో వచ్చే చిక్కు నాకు తరవాత ఉస్తాద్ చెప్పగా అర్థమైంది. తూటా ముందుకి పోయేటప్పుడు తుపాకీని వెనక్కి తంతుంది. బరువైన తుపాకీ ఆ తన్నులో చాలా భాగం తనే తినేస్తుంది. తేలికది తనేమీ తినకుండా అంతా మన చేతికి వడ్డిస్తుంది, మిగిలిన కాస్త తన కీళ్ళలో దాచుకుంటుంది. అందుకని దానికి మెత్తటి తూటాలే వెయ్యాలి. మా గదిలో రెండు రకాల తూటాలుండేవి. రెండూ ఒకే కొలత, రెండూ దానిలో చక్కగా పడతాయి. తెల్లపెట్టెల్లోవి తక్కువ మందు పెట్టిన మెత్తటివి. ఎర్రపెట్టెల్లోవి దిట్టంగా కూరిన గట్టివి, ఉక్కు రివాల్వర్లకి.

ఇదంతా ఉస్తాద్ నాకు మొదటిరోజే చెప్పాడు. చెప్పలేదని అనను. సత్తు పిస్తోలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తెల్లపెట్టెలు తడిమి, పళ్ళసందులో సిగరెట్టు కదలకుండా ఒకే ఒక్క ముక్కలో చెప్పాడు. ‘‘హాదా హగ్ ఖఫీఫ్. బస్!’’ తరవాత ఎర్రపెట్టెల మీద కొట్టి, ‘‘హాదా హగ్ తఖీల్’’ అన్నాడు. హాదా అంటే ఇది, హగ్ అంటే ఫలానావారిది, ఆ మాత్రం నాకొచ్చు. ఖఫీఫ్ అంటే తేలిక అనీ, తఖీల్ అంటే బరువు అనీ మాత్రం రాదు. పళ్ళు లేని నోరు, పైగా సిగరెట్టు. నా చెవికి చేరేసరికి ఖఫీఫ్ కాస్తా కఫీల్ అయిపోయింది. ఇవి కఫీల్ గారివి, అంతే! ఇంకొకరు ముట్టకూడదు! ఇక ఆ తఖీల్ ఏమిటో తెలీదు కాబట్టి దానికి నాకు తోచిన అర్థం నేనే పెట్టుకున్నాను, మిగతా జనానికి అని. ఎంత చక్కగా అతికిందంటే రెండోసారి అడగాలన్న ఆలోచనే రాలేదు.

అయినా నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణేం కాదు. రూఢి చేసుకుందామని ఆ రాత్రి మహబూలాలో మేముండే గదిలోని కడపన్నని అడిగాను. కడపన్న ట్రైలర్ డ్రైవరు, గదిలో అందరికంటే సీనియరు, తెలియదు అన్న మాట ఆయన నోట ఎవ్వరూ వినలేదు.

‘‘ఏమ్రా, కఫీల్ అంటే ఎవురనుకుండావు? మన ఇఖామా ఆయప్ప చేతిలో ఉండాది. ఆయప్ప వస్తువు మీద చెయ్యేస్తివా, ఖలాస్! మన సామాను గూడ సర్దుకోనియ్యరు. ఆ పెట్టెల్ని దేవుని పటాల మాదిరి పైన పెట్టు, గుడ్డ కప్పు. ఎవుడన్నా అడిగితే కఫీల్‌వి అని చెప్పు, వాడే ఎనక్కి పోతాడు’’ అన్నాడు కడపన్న.

మర్నాడే తెల్లపెట్టెలన్నీ పై అరలోకి ఎక్కించి, ఊరినుంచి తెచ్చుకున్న కొత్త తువ్వాలు కప్పాను. ఒకాయన ఎవరో కిటికీలోంచి వేలు చూపించి అవి కావాలన్నాడు. నేను గొంతు తగ్గించి ‘‘కఫీల్’’ అన్నాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో, తల ఊపి ఎర్రపెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. కడపన్న మీద నాకు గురి కుదిరిపోయింది.

ఇక సత్తు పిస్తోలుకీ ఎర్రపెట్టెకీ లంకె పడింది. దర్జాగా మీసం దువ్వుకుంటూ వచ్చి అది పట్టుకెళ్ళిన మగమహారాజులందరూ చక్రం ఒకసారి ఖాళీ చేసి తిరిగొచ్చేసేవారు. ఒకాయనకి అర్జంటుగా ఫోన్ వచ్చేది. ఒకాయనకి నమాజు గుర్తొచ్చేది. ఇంకొకాయన కుడిచేత్తో తీసుకువెళ్ళి ఎడంచేత్తో తిరిగి ఇచ్చాడు. ఎవ్వరూ నొప్పి అని మాత్రం అనలేదు. అంత చిన్న తుపాకీ కొట్టిందని ఏ మగవాడు చెప్పుకుంటాడు? మళ్ళీ దాని జోలికి వెళ్ళకుండా గౌరవంగా ఉక్కువాటి వైపు మళ్ళిపోయారు.

అప్పుడు వచ్చింది మామా. చలికాలం చివర్లో క్లబ్బులో ఆడవాళ్ళకి పోటీ పెడుతున్నారు, దానికి సాధన చెయ్యాలని ఆవిడ పట్టుదల. చేతికి ఇమిడింది కదా అని సత్తు పిస్తోలే కావాలంది. తుపాకీ పట్టుకోవడం ఆవిడకి కొత్త. ఏ తూటా ఇస్తే అది తీసుకుంది. (మా పిన్నికి అన్నం పెడుతున్న తల్లి కదా అని ఎర్రపెట్టెల్లో నలగనిది, కొత్తది, ఏరి మరీ ఇచ్చేవాణ్ణి.) మొదటి దెబ్బకి ఆవిడ చెయ్యి నెత్తిదాకా లేచింది. నల్లకళ్ళద్దాలు జారి ముక్కు మీదికొచ్చాయి. వెనక బెంచీ మీద మీసాలవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. ఆవిడ వాళ్ళకేసి ఒక చూపు చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ గురిపెట్టింది. పెట్టె అయిపోయేదాకా కదల్లేదు. వారం వారం అదే వరస.

పిన్ని నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ‘‘ఒరేయ్, మా మామా చెయ్యి వాసిపోయిందిరా. మణికట్టు కాడ ఇంత లావున. రోజూ సాయంత్రం పక్కన కూకుని నువ్వులనూనె రాత్తన్నాను. మానెయ్యొచ్చుగదా అంటే ఇంటదా! అంతమంది మగోళ్ళ ముందు మానేత్తే నవ్వుతారంట. ఆ ముసిలోడున్నాడే, మీ ఉస్తాదు, ఆడే ఏదో తేడా సేత్తన్నాడ్రా. సూపు లేనోడికి తుపాకులప్పగిత్తే ఇంకేవవుద్ది?’’

‘‘నాకూ అలాగే అనిపిత్తంది పిన్నీ. కొంచెం కనిపెట్టి సూత్తాను’’ అన్నాను పెద్దమనిషిలా. ఆ నూనె రాయించుకుంటున్న వాపుకి కర్తా కర్మా క్రియా నేనేనని నాకేం తెలుసు?

మామా చెయ్యి అలా ఉంటే సత్తు పిస్తోలు సంగతి ఇంకా అన్యాయం. ముందు పక్కనున్న స్క్రూలు వదులైపోవడం మొదలెట్టాయి. సాయంత్రం బిగిస్తే మర్నాటికి మళ్ళీ లూజు. చక్రం పళ్ళూడే పిల్లాడి పన్నులా అటూ ఇటూ ఆడేది. ఒకరోజు చక్రం తిరగనే లేదు. తన్నుడుకి తూటా మొన ఒకటి తన ఇత్తడి తొడుగులోంచి ముందుకి జరిగి అడ్డుపడిందట. మామా దాన్ని నా ముందు పెట్టి కళ్ళెగరేసింది. నేను చెక్కసుత్తితో దాన్ని ఊడదీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఉస్తాద్‌కి చెబితే నా పనితనం బాగాలేదంటాడేమోనని భయం. మూడు నెలలు నిండబోతున్నాయి. ఈ తుపాకీ చెడితే నా ఇఖామా చెడుతుంది, నా ఇఖామా చెడితే పిన్ని మాట పోతుంది. అందుకని చాటుగా మళ్ళీ కడపన్ననే ఆశ్రయించాను.

‘‘స్క్రూ నిలబడలేదంటే దానికి గోళ్ళరంగు పూయల్లబ్బా. ఆరితే రాయి మాదిరి పట్టుకుంటాది. మా ట్రైలరుకు అట్లే చేస్తాం’’ అన్నాడు.

అబ్బాసియాలో ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి గోళ్ళరంగు అడిగాను. షాపతను మలయాళీ. భార్యకా అని అడిగాడు. కాదన్నాను. ఒకలా నవ్వాడు. ఆ నవ్వుకి కంగారుపడి చేతికందిన సీసా పట్టుకొచ్చేశాను. గదికొచ్చి చూసుకుంటే మిరపపండు ఎరుపు. ఇక చేసేదేముంది, అదే పూశాను. నిజం చెప్పాలంటే కడపన్న వైద్యం బాగానే పనిచేసింది, స్క్రూలు నిలబడ్డాయి. కాకపోతే నల్లటి తుపాకీ మీద ఎర్రటి చుక్కలు పెళ్ళికూతురి పారాణి చుక్కల్లా మెరుస్తున్నాయి. మామా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన గోళ్ళు చూసుకుంది, మళ్ళీ దాన్ని చూసింది. ‘‘దీనికి ఈ వేళ పెళ్ళా?’’ అని హిందీలో అడిగింది. నేను నేలకేసి చూస్తూ ‘‘జీ మామా’’ అన్నాను.

శుక్రవారం అక్కడ సెలవు, అబ్బాసియాలో మనవాళ్ళ ప్రార్థన కూడిక. ఒక ఫ్లాటులో హాలంతా చాపలు పరిచి, చెప్పులు మెట్లదాకా విడిచి, ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ప్రార్థన మనవులు చెప్పమనగానే పిన్ని చెంగు నెత్తిన కప్పుకుని లేచింది. ‘‘మా మామా చెయ్యి నొప్పి తగ్గాలని ప్రార్థన సెయ్యండి. అలాగే ఆ తుపాకుల కాడుండే ముసిలాయన కళ్ళు దేవుడు తెరిపించాలనీ, ఆ వాపుకి కారణవైనోడెవడో ఆడి గుట్టు బయటపెట్టాలనీ కూడా ప్రార్థన సెయ్యండి’’ అంది. హాలంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది నేనే. పిన్ని నాకేసి చూసి కళ్ళు తుడుచుకుంది, తోడబుట్టినదాని కొడుకు ఎంత భక్తిపరుడయ్యాడో అని.

దేవుడు ఆ ప్రార్థన ఎంత తొందరగా విన్నాడంటే, ఆ మరుసటి వారమే ఉస్తాద్ కూతురు ఆయన్ని బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళి అద్దాలు కొనిపెట్టింది. దళసరి అద్దాలు, నల్లటి ఫ్రేము. ఆయన వాటిని పెట్టుకుని తుపాకుల గదిలో కొత్తపెళ్ళికొడుకులా తిరుగుతూ, ఇన్నాళ్ళూ తడిమిన వస్తువులన్నిటినీ ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. అదే రోజు కఫీల్ గారు, అంటే మామా అన్నగారు, వస్తున్నారని కబురు. నా మూడు నెలలూ తేల్చేది ఆ రోజే. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిటికీ అద్దం తుడిచి, తువ్వాలు దులిపి మళ్ళీ తెల్లపెట్టెల మీద కప్పి, గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను.

‘‘షూ హాదా?’’ వెనకనుంచి ఉస్తాద్ గొంతు. ఇదేమిటి అని. సత్తు పిస్తోలు ఆయన చేతిలో ఉంది. ఎర్రచుక్కల గురించి కాబోలనుకుని గోళ్ళరంగు అని సైగ చేశాను. ఆయన ఎర్రచుక్కలకేసి చూడటంలేదు. గొట్టం వచ్చి ఒంటికి బిగిసే చోట, అడుగున, సన్నటి గీత ఒకటి చూపించాడు. వెంట్రుక అంటుకుందేమోనని నేను గోటితో గీకాను. ఊడలేదు. సత్తు పగిలింది. ఉస్తాద్ సిగరెట్టు తీసి పక్కన పెట్టాడు. పళ్ళసందు ఖాళీ అయ్యాక ఆయన మాట మొదటిసారి నాకు స్పష్టంగా వినపడింది. తెల్లపెట్టెలు ఎన్ని మిగిలాయి అని అడిగాడు.

ఇదొక్కటైనా నాకు గట్టిగా తెలిసిన జవాబు. ఛాతీ విరుచుకుని, ‘‘అన్నీ ఉన్నాయి ఉస్తాద్! ఒక్కటి కూడా ఎవర్నీ ముట్టనివ్వలేదు!’’ అన్నాను. ఆయన అద్దాల వెనక కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. పిన్ని కోరినట్టే ఆయన కళ్ళు తెరుచుకున్నాయి, తెరుచుకోగానే ఎదురుగా నేను కనిపించాను.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కఫీల్ గారు వచ్చారు. కాళ్ళదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, చేతిలో జపమాల, నిండైన మనిషి. వెనకే మామా, మణికట్టుకి పట్టీ కట్టుకుని. ఉస్తాద్ నోరు తెరవకముందే నా పుణ్యకార్యం ఆయనకి విన్నవించుకుంటే ఈ గండం గట్టెక్కుతానేమో అనిపించింది. ఒక్క గెంతులో స్టూలెక్కి, తువ్వాలు లాగి, తెల్లపెట్టెల దొంతర మొత్తం చేతులతో చూపించి, ‘‘బాబా! హాదా హగ్ కఫీల్! బస్ కఫీల్!’’ అన్నాను. ఆయన నాకేసి చూశారు, పెట్టెలకేసి చూశారు, చెల్లెలికేసి చూశారు.

‘‘ఖఫీఫ్!’’ అని అరిచాడు ఉస్తాద్. ‘‘కఫీల్ కాదురా, ఖఫీఫ్! ఖఫీఫ్, యా హిమార్!’’ హిమార్ అంటే గాడిద. విచిత్రం ఏమిటంటే ఆ మాట నాకు వచ్చు. స్టూలు మీదే నాకు ఒక్కొక్క అక్షరమూ దిగింది. ఫ్. ల్. ఒక్క పొల్లు తేడాకి సత్తు పిస్తోలు, మామా చెయ్యి, పిన్ని మాట, నా ఇఖామా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. దిగి, తువ్వాలు ఛాతీకి పట్టుకుని, ఇంక విమానమే అనుకున్నాను. చెప్పడానికి సిగ్గెందుకు, ఏడ్చేశాను.

ఉస్తాద్ జరిగింది అంతా వాళ్ళకి అరబ్బీలో చెబుతున్నాడు. మధ్యమధ్య ఖఫీఫ్, కఫీల్, ఖఫీఫ్, కఫీల్ అని మాత్రం నాకు వినిపిస్తోంది. కఫీల్ గారి పొట్ట ముందు కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, ఆ తరవాత ఆయన కుర్చీలో కూలబడి జపమాలతో మొహం కప్పుకుని నవ్వారు. చాలాసేపు నవ్వారు. ఆయన కుర్రతనంలో కొన్నాళ్ళు బొంబాయిలో ఉన్నారట, హిందీ వచ్చు. నన్ను దగ్గరికి పిలిచి, ‘‘అబ్బాయ్, నా దగ్గర ఎంతోమంది పనిచేశారు. నా టీపొడి పోయింది. నా పెట్రోలు పోయింది. ఒక పండక్కి ఏకంగా నా మేకే పోయింది. ఇది కఫీల్‌ది అని ఒక వస్తువు పక్కన పెట్టినవాణ్ణి ఈ జన్మలో చూడలేదు’’ అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వువల్ల వచ్చినవేనో మరి.

మామా మాత్రం నవ్వలేదు. నా భయమంతా ఆవిడ గురించే. ఆవిడ మెల్లగా ఉస్తాద్ వైపు తిరిగి, నాకూ తెలియాలని కాబోలు హిందీలోనే, ‘‘అంటే ఇన్నాళ్ళూ ఆ చిన్నదానితో నేను కాల్చినవన్నీ ఉక్కువాటి తూటాలా?’’ అని అడిగింది. అవునన్నాడాయన. ‘‘మరి ఆ బెంచీ మీది మగవాళ్ళో?’’ ఒక దఫా కాల్చి పారిపోయారన్నాను నేను. అప్పుడు చూడాలి ఆవిడ మొహం. వాచిన చెయ్యి పైకెత్తి, పట్టీ విప్పి, అన్నగారి ముక్కు దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూపించింది. ‘‘ఈ పిల్లాడికి ఇఖామా కొట్టించు’’ అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ‘‘రేపటినుంచి మాత్రం తెల్లవే’’ అంది.

(పోటీలో ఆవిడ ఉక్కు రివాల్వర్‌తో తెల్లపెట్టెలోవి కాల్చింది. మొదటిది పేలగానే వెనక్కి తిరిగి, ‘‘పేలిందా?’’ అని అడిగిందట. మూడో స్థానమే వచ్చింది. చేతికి ఏమీ తగలకపోతే మనసు నిలవడంలేదని ఆ నేరం కూడా నా మీదే పెట్టింది.)

సత్తు పిస్తోలు మళ్ళీ పేలలేదు. తేలిక తుపాకులు అసలు మన్నుతాయా మన్నవా అని క్లబ్బులో మీసాలవాళ్ళు ఆ చలికాలం పోయేదాకా వాదించుకున్నారు. సత్తు ఒళ్ళు ఎందుకూ పనికిరాదని కొందరు, పనితనం చెడ్డదని కొందరు. ఉస్తాద్‌కి కోపం వచ్చింది. ‘‘దాన్ని ఎక్కువ మోసి తక్కువ కాల్చడానికి చేశారు. మెత్తటివి వేసుంటే నా మనవడి పెళ్ళిదాకా ఉండేది. ఉక్కుకి పెట్టే తిండి దీనికి పెట్టి, వారం వారం కొట్టించి, చచ్చిపోయిందని ఏడిస్తే ఎలా?’’ అన్నాడు. అని, నాకేసి చూసి, ‘‘అయినా పగిలేదాకా గొప్పగా నిలబడింది’’ అని ముక్తాయించాడు. అది తుపాకీ గురించి అన్నాడో, మామా గురించి అన్నాడో నేను అడగలేదు. రెండోసారి అడగాల్సిన చోట అడగకపోవడం అప్పటికి అలవాటైపోయింది.

పిన్నికి మాత్రం ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో మామాయే చెప్పేసింది. శుక్రవారం కూడికలో నన్ను చూడగానే పిన్ని చెయ్యెత్తింది. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. చెంప మీద చెయ్యి వేసి నవ్వడం మొదలెట్టింది, నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడింది. ‘‘ఓరి నీ మొహం మండ! గుట్టు బయటెట్టు ప్రభువా అని నీ గురించే ప్రార్థన సేసి, నీ చేతే ఆమేననిపించానట్రా! ఆ నూనె సీసాలన్నీ నీ కాతాలోనేనట్రా!’’ అంది.

నవ్వు తగ్గింది. తరవాత తన చేతులు తనే చూసుకుంటూ నెమ్మదిగా చెప్పింది. ‘‘అయినా ఒకందుకు మంచిదే అయ్యిందిరా. ఇన్నేళ్ళూ ఆవిడ సోఫా మీద, నేను వంటింట్లో. ఎప్పుడైనా పక్కన కూకున్నామా? ఆ నూనె పుణ్యాన రోజూ ఓ గంట ఇద్దరం ఒకే సోట. ఓరోజు నా చెయ్యి పట్టుకుని ఇలా తిప్పి సూసింది. నీ మణికట్టు కూడా వాసిందే, నీకూ నొప్పేనా అనడిగింది. పిండి పిసికీ గిన్నెలు తోమీ ఇన్నేళ్ళ బట్టీ ఉంది మామా అన్నాను. ఆ సీసా నా సేతిలోంచి లాక్కుని నా సేతికి రాసిందిరా. వద్దంటే ఇనదే!’’ పిన్ని ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. గిన్నెలు తోమే మిషను ఆ నెలలోనే ఆ ఇంటికి వచ్చింది.

ఇప్పుడు నేను అదే క్లబ్బులో పనిచేస్తూ, అబూ హలీఫాలో ఇల్లు తీసుకుని, పెళ్ళాంపిల్లలతో స్థిరపడ్డాను. అరబ్బీలో బేరమాడతాను, పోట్లాడతాను, అవసరమైతే జోకులు కూడా వేస్తాను. ఖఫీఫ్‌కీ కఫీల్‌కీ తేడా నిద్రలో అడిగినా చెబుతాను. కఫీల్ గారి టీపొడి ఏ అరలో ఉంటుందో కూడా బాగా తెలుసు, మా ఇంట్లో టీ రుచిగా ఉంటుందని వచ్చినవాళ్ళందరూ అంటారు. అప్పుడప్పుడు ఆ టీ తాగుతూ, స్టూలెక్కి తువ్వాలు లాగి ‘బస్ కఫీల్’ అని అరిచిన కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి భాష రాదు, లోకం తెలీదు, ఒట్టి వెర్రివాడు. వాడంటే నాకు ఎంత నవ్వో అంత ఇష్టం. వాడితో పోలిస్తే నేను ఏమంత బాగుపడలేదేమోనని కూడా అనిపిస్తుంది, కానీ అప్పటికి టీ చల్లారిపోతుంటుంది, తాగేస్తాను.